ఈ ఒక్క ఆదివారానికి

విజయనగరం,
జూన్ 10.

ప్రియమైన కుమారీ,

మొన్న ఆమదాలవలస స్టేషన్లో నిన్ను ముందు గుర్తుపట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ప్లాట్‌ఫారం చివర పదిమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఏదో కాగితం చదివి వినిపిస్తున్నావు. గొంతు విని ఆగాను. నౌపడ స్కూల్లో పాఠం పైకి చదవాలంటే మాస్టారు నిన్నే లేపేవారు. ఆ గొంతు మారలేదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత కలిస్తే పది నిమిషాలకే నా రైలొచ్చేసింది.

ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళకు నువ్వు సంఘం పెట్టావని విని ఎంత గర్వపడ్డానో. నేనుంటున్న అపార్టుమెంటులోనే అలాంటి వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. మా ఇంటికొచ్చే అసిరమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. పొద్దున్నే పాసింజరెక్కి వచ్చి, ఐదిళ్ళలో అంట్లు తోమి, ఇళ్ళు తుడిచి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతుంది. రెండేళ్ళుగా వస్తోంది. నిన్ను చూసి వచ్చాక మొదటిసారి ఆమెను కూర్చోబెట్టి అడిగాను, ఇక్కడ నీకున్న కష్టమేమిటని. చాలాసేపు ఏమీ లేదంది. ఆఖరికి, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగనని చెప్పింది. తాగితే వెళ్ళడానికి చోటు లేదు. ఏ ఇంట్లోనూ పనివాళ్ళను బాత్‌రూం వాడనివ్వరు. "మీ ఇంట్లో కూడా నానెప్పుడూ అడగనేదు కదమ్మా" అంది. నేను ఆలోచించనే లేదు చూడు. పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదని కింద కాగితం అంటించి ఉంటుంది. అదీ రోజూ చదువుతూనే ఉన్నాను.

నువ్వొకసారి రావాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో అందరినీ కూర్చోబెడతాను. బ్యాంకులో పనిచేసే మా ఆయన మురళీమోహన్ ఈ ఏడాది అసోసియేషన్ కోశాధికారి. ఆయన అడ్డు చెప్పరు. బడి లేని రోజుల్లో నాకు తీరికే, చేతనైనంత చేస్తాను.

ఫోను కంటే ఉత్తరమే నయం, మా వాళ్ళకు చదివి వినిపించవచ్చు అన్నావు. నాకూ అదే బాగుంది. బళ్ళో పిల్లల చేత వ్యాసాలు రాయించడమే తప్ప నేను కలం పట్టి ఎన్నాళ్ళయిందో.

నీ
ఝాన్సీ


ఆమదాలవలస,
జూన్ 19.

ఝాన్సీ,

నీ ఉత్తరం ఆదివారం మా గదిలో చదివాను. బియ్యం కొట్టు మీద గది మాది. ఇరవైమందికి చోటుంటుంది, తర్వాత వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుంటారు. నీళ్ళు తాగని సంగతి చదువుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాటకు ఆశ్చర్యపోయింది నువ్వొక్కదానివేనని అర్థమైంది. తప్పు పట్టడం లేదు, ఎలా జరిగిందో చెప్తున్నాను.

వస్తాను. కానీ మీ హాల్లో వద్దు. యజమాని ఇంట్లో కూర్చుని యజమానుల గురించి ఎవరూ నిజం చెప్పరు. స్టేషన్ బయట టీ కొట్టు వెనకైనా సరే. నువ్వు మంచిదానివి కాదని కాదు. వాళ్ళకు నువ్వు అమ్మగారివి, అంతే.

ఇంకో మాట. వాళ్ళను పోగుచేసే ముందు మీ ఇంటి సంగతి చూసుకో. అసిరమ్మకు వారానికి ఎన్ని రోజులు సెలవిస్తున్నావు? నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు.

ఇంటిపనికి సరైన చట్టం ఇంకా రాలేదు. కార్మిక శాఖ ఆఫీసుల్లో మంచివాళ్ళు కూడా "ఇల్లు ఇల్లే గానీ పనిచోటు కాదు కదమ్మా" అంటారు. అందుకే మాకున్న బలమల్లా ఒకరి మాటకు ఇంకొకరు నిలబడటమే. ఏది అడిగినా అందరూ కలిసి అడగాలి. ఒక్కరే అడిగితే ఆ ఒక్కర్నీ తీసేస్తారు. అందరినీ ఆధార్ కార్డులు తెచ్చుకోమను, ఈ-శ్రమ్ కార్మిక గుర్తింపు కార్డులు నేను రాయిస్తాను.

మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది. స్టేషన్లో నువ్వు అడగలేదు, నాకూ చెప్పడానికి టైము లేకపోయింది.

కుమారి


విజయనగరం,
ఆగస్టు 5.

కుమారీ,

మీ అమ్మ తవిటమ్మ పోయిందని చదివి ఉత్తరం పక్కన పెట్టేశాను. నౌపడలో మా క్వార్టర్స్ పెరట్లో కూర్చుని నాకు రెండు జడలు వేసేది. అమ్మ వేస్తే బిగువుగా ఉంటాయని నేను తవిటమ్మ దగ్గరికే పరిగెత్తేదాన్ని. అడగలేదు, నిజమే. నువ్వొచ్చిన రోజు కూడా అందరి ముందూ ఆ మాట ఎత్తలేకపోయాను. క్షమించు.

నువ్వొచ్చి వెళ్ళాక జరిగినవన్నీ రాస్తాను. ఆ రోజు వాన కురవబట్టి మా హాలే గతి అయింది కదా. కుర్చీలు వేసినా ఒక్కరూ కూర్చోలేదు. గుమ్మం దగ్గర నేల మీద ఒదిగిపోయారు. నువ్వు గంటసేపు మాట్లాడితే తలలూపారే తప్ప నోరు విప్పలేదు. నువ్వు వెళ్ళాక నేను మానలేదు. ప్రతి ఆదివారం పిలిచాను. మూడో వారం అసిరమ్మే మొదలుపెట్టింది. "నాను సేసేది పనే అయితే, పనికి సెలవుంటాది కదా. బేంకు బాబుకి ఉన్నాది. బడికి ఉన్నాది. నాకేల నేదు?" అంది. అందరూ నా ముఖం చూశారు. నేను నవ్వాను. అప్పుడు ఒక్కొక్కరే మొదలుపెట్టారు. కూర్మమ్మ అని ముసలామె ఉంది, ఆమె తన అరిచేతులు చాపి చూపించింది. గిన్నెలు తోమే పొడికి వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయి.

అర్జీ రాశాం. ఆదివారం సెలవు, వాచ్‌మన్ గది పక్కనున్న మరుగుదొడ్డి వాడుకోవడం, లిఫ్టు. ఈ మూడే. పదకొండు మందీ సంతకాలు పెట్టారు. అందులో నలుగురికి పెట్టడం రాదు. వేలిముద్ర వద్దని నేనే మూడు వారాలు కూర్చోబెట్టి నేర్పించాను. కూర్మమ్మ పేరు సగం రాసి చెమట తుడుచుకుంది. అసోసియేషన్ ప్రెసిడెంటు జగన్నాధం గారికి అసిరమ్మే చేతికిచ్చింది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇదివరకు సెలవు లేదు. నేనూ ఇవ్వలేదు. పోయిన వారం నుంచి ఆదివారాలు రావద్దని చెప్పాను. ఆ రోజు అంట్లు నేనే తోముకున్నాను. మా ఆయన చూసి నవ్వారు.

నీ
ఝాన్సీ


ఆమదాలవలస,
ఆగస్టు 14.

ఝాన్సీ,

అసిరమ్మ అన్న మాట మా వాళ్ళకు రెండుసార్లు చదివాను. ఇంకోసారి చదవమన్నారు.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. అర్జీ అందుకున్నవాళ్ళు ముందు తియ్యగా మాట్లాడతారు. తర్వాత అందరికంటే ముందు నిలబడ్డ మనిషి మీద కన్ను వేస్తారు. ఆ రోజు వస్తే ఎవరు ఏం చేయాలో ముందే అనుకోండి. అసిరమ్మను ఒక్క ఇంట్లో మానిపిస్తే మిగతా పదిమందీ ఆ ఇంటికి పోకూడదు. వాళ్ళతో ఈ మాట అనిపించు.

అర్జీ మీద పదకొండు సంతకాలు అన్నావు. ఫ్లాట్ల వాళ్ళవి ఎన్ని ఉన్నాయి? నీది ఉందా?

కుమారి


విజయనగరం,
సెప్టెంబరు 9.

కుమారీ,

శుభవార్త. అసోసియేషన్ మీటింగులో ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. మరుగుదొడ్డి తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచుతారు. లిఫ్టు మాత్రం కుదరదన్నారు. ఆదివారం మా వాళ్ళంతా జిలేబీ తెచ్చి నాకు పెట్టారు. అసిరమ్మ నడకే మారిపోయింది. మీద అంతస్తువాళ్ళు ఆదివారం చుట్టాలొస్తారు రమ్మంటే, "ఆదివారం రానండి, సోమవారం బేగి వచ్చేస్తాను" అని మెట్ల మీద నుంచే చెప్పిందట. ఆ ఇల్లాలు వచ్చి నాకు ఫిర్యాదు చేసింది. లోపల నాకు నవ్వాగలేదు.

నా సంతకం సంగతి. పెట్టలేదు. మా ఆయన కమిటీలో ఉన్నారు, నేను పెడితే ఆయనకు ఇబ్బంది. పేరు లేకపోతేనేం, ఇంత పనీ వెనకుండి నడిపించాను కదా. అసిరమ్మ కూడా ఒకసారి అడిగింది, మీ పేరు కూడా రాయకూడదా అమ్మా అని. ఇదే చెప్పాను. అర్థం చేసుకుంది.

ఒకరిని తీసేస్తే ఏం చేయాలన్న మాట ఇంకా ఎత్తలేదు. అంతా బాగున్నప్పుడు భయపెట్టడం ఎందుకని.

నీ
ఝాన్సీ


విజయనగరం,
అక్టోబరు 19.

కుమారీ,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.

అసిరమ్మకు దెబ్బ తగిలింది. పోయిన ఆదివారం మా అపార్టుమెంటు మెట్ల మీద జారి పడింది. నడుము దగ్గర ఎముక విరిగిందన్నారు. ఆసుపత్రిలో చేర్పించారు. ఖర్చులు అసోసియేషన్ వాళ్ళే చూసుకుంటున్నారు. ఆ విషయంలో దిగులేమీ లేదు.

సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలతో నాకు ఊపిరి సలపడం లేదు. నువ్వు ఇప్పుడప్పుడే రావద్దు. ఇక్కడ అందరి మనసులూ బాగాలేవు. నేను మళ్ళీ రాస్తాను.

ఝాన్సీ


ఆమదాలవలస,
అక్టోబరు 26.

ఝాన్సీ,

నీ ఉత్తరం అందిన మర్నాడే పాసింజరెక్కి వచ్చాను. మీ ఇంటికి రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాను.

అసిరమ్మ నడుము కింద ఏమీ తెలియకుండా పడుకుని ఉంది. కాళ్ళ మీద ఈగ వాలితే కూతురు రాణి తోలుతోంది. రాణి చీపురుపల్లిలో డిగ్రీ చదువుతోందట, పుస్తకాల సంచీ మంచం కిందే ఉంది. ఎలా పడ్డావని అడిగాను. "మెట్ల మీద జారినానమ్మా" అంది. నాకు కాదు, పక్కన నిలబడ్డ మొగుడు కొండబాబుకు చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగాడు. డాక్టరు అక్కడి నర్సుతో అంటుండగా విన్నాను, మెట్ల మీద పడితే వెన్నుపూస ఇలా నలగదని.

నేను పోలీసును కాను. అందుకని ఒకే ఒక్కటి అడుగుతున్నాను. పడింది ఆదివారం. మనం సంపాదించుకున్న సెలవు. ఆ రోజు ఆమె రైలెక్కి మీ అపార్టుమెంటుకు ఎందుకొచ్చింది?

ఆరుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఉత్తరమైనా రాయి.

కుమారి


విజయనగరం,
నవంబరు 4.

కుమారీ,

ఫోను ఎత్తకపోవడానికి కారణం ఒకటే. నీ గొంతు వింటూ నీకు అబద్ధం చెప్పలేను. కాగితం మీద చెప్పగలిగాను.

మంగళవారం సిరిమాను. మా ఆడపడుచు కుటుంబమంతా హైదరాబాదు నుంచి చూడటానికి వస్తున్నారు, ఎనిమిదేళ్ళ తర్వాత. బడి పేపర్లతో నేను ఇల్లు పట్టించుకోలేదు. శనివారం అసిరమ్మకు ఫోను చేశాను. "రేపు ఆదివారం కదమ్మా" అంది. "ఈ ఒక్క ఆదివారానికి రా అసిరమ్మా, బదులు మంగళవారం మానెయ్" అన్నాను. ఎన్నింటికి రావాలో అడిగింది. తర్వాత సరేనంది.

పదకొండింటికల్లా గదులన్నీ అయిపోయాయి. పడకగది కిటికీకి బయటివైపు బూజు పట్టి ఉంది. నేనే చూపించాను. బాల్కనీ పిట్టగోడ దాటి, కింది ఇంటివాళ్ళ సన్‌షేడ్ మీదికి దిగింది. ముందురోజు వానకు అది నానిపోయి ఉంది. జాగ్రత్త అన్నాను. అన్నాను కుమారీ, అది నిజం. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళాను. ఆమె అరవనైనా లేదు. వాచ్‌మన్ కేకకు బయటికొచ్చి చూశాను. మాది రెండో అంతస్తు.

తర్వాత జగన్నాధం గారింట్లో కూర్చున్నారు. పోలీసులు గేటు ముందుంటే పండగ పూట అందరి పరువూ పోతుందన్నారు. ఆ రోజు అసిరమ్మ ఎవరింటికీ పనికి రాలేదనీ, ఎవర్నో చూడటానికొచ్చి మెట్ల మీద జారిందనీ మా ఆయనే కాగితం రాశారు. పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచారు. పెట్టనివాళ్ళు రేపటి నుంచి గేటు దాటక్కర్లేదన్నారు. కూర్మమ్మ కలం పట్టుకుని నన్ను చూసింది. "అమ్మా, మీరు సెప్పండి. సంతకం ఎట్టమంటారా?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె పెట్టింది. ఆ వెనక తొమ్మిదిమందీ పెట్టారు. చివర సాక్షిగా నేనూ పెట్టాను. అర్జీ మీద పెట్టని సంతకం దాని మీద పెట్టాను.

ఆ మాట మీదే ఉంటే ఆసుపత్రి సంగతి చూసుకుంటామని కొండబాబుతో చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా ఒప్పుకుంటారు.

నాకు నిద్ర లేదు. నన్ను ఏమైనా అను. కానీ దీన్ని ఆఫీసుల దాకా తీసుకెళ్ళకు. మా ఆయన బ్యాంకు ఉద్యోగి, కేసంటే ఏమవుతుందో నీకు తెలుసు. ఆమెను చూసుకునే బాధ్యత నాది.

ఝాన్సీ


ఆమదాలవలస,
నవంబరు 12.

ఝాన్సీ,

అసిరమ్మను ఇంటికి పంపేశారు. ఇక చేసేదేమీ లేదన్నారట. మొన్న వాళ్ళ పల్లె వెళ్ళాను. కొండబాబు బయటికెళ్ళినప్పుడు నీ ఉత్తరంలోని సంగతి ఆమెకు చెప్పాను. తర్వాత ఆమె అన్న మాట, ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను.

"ఆ ఆదివారం ఇంకో రెండిళ్ళోలు కూడా రమ్మన్నారమ్మా. పండగ కదా. సంగంలో అనుకున్నాం కదాని రానన్నాను. ఝాన్సీ అమ్మకి ఎలా సెప్తాను? ఆ అమ్మే కదా మాకు సెలవు ఇప్పించినాది."

ఇది నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. ఆ రెండిళ్ళవాళ్ళు నీకంటే మంచివాళ్ళు కారు. వాళ్ళకు కాదనడం ఆమెకు మనం నేర్పాం. నీకు కాదనడం నేర్పలేదు. మీ హాల్లో వద్దని నేను మొదటే అన్నాను. వానొచ్చిందని ఊరుకున్నాను. అందులో నా వంతు నాకుంది.

ఇన్నేళ్ళూ అనని మాట ఒకటి అంటున్నాను. నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మకు జ్వరమొస్తే మీ క్వార్టర్‌కు నేనొచ్చి అంట్లు తోమాను. నువ్వు లోపల చదువుకుంటున్నావు. కిటికీలోంచి నన్ను చూసి లేచి తలుపు వేసుకున్నావు. మర్నాడు బళ్ళో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. సిగ్గుపడి వేసుకున్నావని అనుకున్నాను. అలా అనుకోబట్టే మన స్నేహం నిలిచింది.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. ఈ నెల 25న, సోమవారం పదకొండు గంటలకు విజయనగరంలో కార్మిక శాఖ ఆఫీసులో, అసిరమ్మ పడిన సంగతి మీద నేనిచ్చిన అర్జీ వింటామన్నారు. కొండబాబును ఎలాగో ఒప్పించాను. ఆమె ఆ రోజు మీ ఇంట్లో పని చేస్తుండగా పడిందని చెప్పే మనిషి కావాలి. పదిమందీ కాగితం మీద సంతకాలు పెట్టేశారు. వాళ్ళను మళ్ళీ అడగలేను. మిగిలింది నువ్వే. గెలుస్తామని చెప్పను. రా. ఉన్నది ఉన్నట్టు ఒక్క మాట చెప్పు.

కుమారి


విజయనగరం,
డిసెంబరు 1.

కుమారీ,

ఆ రోజు నేను రాలేదని అనుకుంటున్నావు. వచ్చాను.

ముందురోజే మా ఆయనతో చెప్పాను. ఆయన కోప్పడలేదు. "వెళ్ళు. అయితే ఆ తర్వాత ఈ ఊళ్ళో మనల్ని ఎవరు గుమ్మంలోకి రానిస్తారో నువ్వే చూసుకో" అన్నారు, అంతే. నేను బడికి సెలవు పెట్టి ఆటో ఎక్కాను. ఆఫీసు గేటు దగ్గర ఆటో ఆగింది. మెట్ల మీద మీరు ముగ్గురూ కనిపించారు. నువ్వు ఫైలు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నావు. కొండబాబు కిందమెట్టు మీద కూర్చున్నాడు. రాణి నిలబడి ఉంది. నేను దిగలేదు. డ్రైవరు రెండుసార్లు అడిగాడు, ఇక్కడే కదండీ అని. ఇంకా ముందుకు పోనిమ్మన్నాను. కోట దాకా వెళ్ళి అక్కడ దిగి, ఎటు వెళ్ళాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

కారణాలు రాయాలని మూడు కాగితాలు చింపేశాను. భయం. అంతకంటే ఏమీ దొరకలేదు.

ఇక్కడి సంగతులు కూడా నీకు తెలియాలి. ఆదివారం సెలవు తీసేశారు. ఇష్టమైనవాళ్ళు పనికి రావచ్చు, లేనివాళ్ళు పనే మానేయొచ్చు అన్నారు. మరుగుదొడ్డి తాళం మళ్ళీ జగన్నాధం గారి దగ్గరికి పోయింది. సంఘం మాట ఎత్తకుండా ఉంటామని వాళ్ళ చేత ఇంకో కాగితం రాయించుకున్నారు. కూర్మమ్మ మానేసింది. నేను మెట్ల మీద ఎదురైతే మిగతావాళ్ళు గోడకు అతుక్కుని దారిస్తున్నారు.

ఝాన్సీ


ఆమదాలవలస,
డిసెంబరు 21.

ఝాన్సీ,

ఆ రోజు ఒంటిగంట దాకా కూర్చున్నాం. లోపల ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. సాక్షి లేకుండా నేనేం రాసుకోనమ్మా అన్నాడు. బయటికొచ్చాక కొండబాబు నాతో, "ఇంక ఒగ్గేయండమ్మా. మాకు సేతకాదు" అన్నాడు. వారం తిరక్కుండా మీ జగన్నాధం గారు మనిషిని పంపి రాజీ కాగితం మీద ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నారు. అసిరమ్మ చేత కూడా.

ఈ సంగతి మా ఊరి దాకా పాకింది. ఆదివారాలు మా గదికి ఇరవైమంది వచ్చేవారు. పోయిన వారం నలుగురు వచ్చారు. "సంగంలో సేరితే అసిరమ్మలాగ అవుతాం" అని ఒకామె నా ముఖం మీదే అంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఏడేళ్ళు గుమ్మం గుమ్మం తిరిగి నేను పోగుచేసింది ఇదీ.

గది ఖాళీ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఆ నలుగురి కోసం ఉంచాలనే ఉంది. వాళ్ళతో ఏం మాట్లాడాలో మాత్రం తెలియడం లేదు.

అసిరమ్మకు వీపు మీద పుండ్లు పడ్డాయి. నువ్వు చూసుకుంటానని రాసిన బాధ్యత గురించి గుర్తు చేయడానికి ఇది రాయడం లేదు. తెలియాలని రాశాను.

కుమారి


విజయనగరం,
ఫిబ్రవరి 16.

కుమారీ,

జనవరి మొదట్లో నీకో ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. రాయనవసరం లేదు. ఇది మాత్రం చదువు.

జనవరి చివర్లో నేను ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఒక్కదాన్నే. జరిగినదంతా నాలుగు పేజీలు రాసి, కింద నా పేరు, ఫ్లాటు నంబరు వేసి ఇచ్చాను. ఆయన మొత్తం చదివాడు. సొరుగులోంచి రాజీ కాగితం తీసి నాకు చూపించాడు. పడ్డ మనిషే మెట్ల మీద పడ్డానని చెప్పాక నేను దీన్నేం చేసుకోను మేడమ్ అన్నాడు. నవంబరులో వచ్చి ఉంటే వేరుగా ఉండేదేమో అని కూడా అన్నాడు. నా కాగితాలు నాకే ఇచ్చేశాడు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "అయిపోయిందిగా, ఇంక ప్రశాంతంగా ఉండు" అన్నారు.

అసిరమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నన్ను చూసి లేవబోయింది. అలవాటు. లేవలేక, పడుకునే దండం పెట్టింది. రెండోసారి కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు, నాకు తెలుసు. ఇంక వెళ్ళలేదు.

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి బెల్లు మోగితే తలుపు తీశాను. రాణి నిలబడి ఉంది. పాసింజరు దిగి స్టేషన్ నుంచి నడిచి వచ్చిందట. వాళ్ళమ్మ పనిచేసిన ఐదిళ్ళూ అడుగుతోంది. మీద అంతస్తువాళ్ళు ఒప్పుకున్నారు. తర్వాత మా ఇల్లు. చదువు సంగతి అడిగాను. మానేశానండి అంది. మా ఆయన లోపల్నుంచి విని, పెట్టుకో, పాపం ఆ కుటుంబానికి ఆసరాగా ఉంటుంది అన్నారు.

ఆ పిల్లను కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబెట్టే చెప్పాను. వారానికో రోజు రావద్దని, మా బాత్‌రూమే వాడుకోమని, కిటికీల జోలికి పోవద్దని, ఎవరు అడిగినా ఇష్టం లేని పని చేయననమని. నీ పేరు చెప్పి, ఆమదాలవలస వెళ్ళి కలవమన్నాను. గబగబా చెప్పుకుపోయాను. ఆ పిల్ల అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఇయన్నీ మాయమ్మకి కూడా సెప్పినారు కదండీ" అంది. కోపంగా అనలేదు. ఆ వెంటనే, "పని ఏటో సెప్పండి. మధ్యాన్నం బండి అందుకోవాల" అంది.

చీపురెక్కడుంటుందో చూపించాను.

ఝాన్సీ